రిఫ్రెష్ ఎక్కడ ఆగింది? షీట్‌కు, డేటాబేస్‌కు మధ్య తెగిన లింకును వెతకడం

స్ప్రెడ్‌షీట్‌లో రిఫ్రెష్ నొక్కితే డేటాబేస్ నుంచి తాజా అంకెలు రావాలి. నిన్నటిదాకా వచ్చాయి కూడా. ఇవాళ ఒక ఎర్రర్ బాక్స్ వచ్చి పని ఆగిపోతుంది. అప్పుడు చాలామంది ఆ మెసేజ్‌ను చదవకుండానే మూసేసి మళ్లీ రిఫ్రెష్ నొక్కుతారు. అయినా రాకపోతే కనెక్షన్ సెట్టింగుల్లోకి వెళ్లి, కనిపించినదల్లా మార్చి చూస్తారు. అరగంటలో తేలాల్సిన సమస్య రెండు రోజులు సాగేది ఇక్కడే. అసలు లోపం సర్వర్ దగ్గర ఉంటే, ఈ మార్పులతో ఫైల్‌లో సరిగ్గా ఉన్నది కూడా చెడిపోతుంది. రేపు సర్వర్ బాగుపడ్డాక కూడా ఫైల్ పనిచేయదు. అప్పుడు వెతకాల్సిన తప్పులు రెండవుతాయి.

షీట్‌కు, డేటాబేస్‌కు మధ్య చాలా మజిలీలు ఉన్నాయి. ఫైల్‌లో ఉన్న క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న), దాన్ని మోసుకెళ్లే డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్, సర్వర్ పేరును అడ్రస్‌గా మార్చే ఏర్పాటు, నెట్‌వర్క్, సర్వర్ తెరిచి ఉంచిన పోర్టు (నంబరున్న ద్వారం), లాగిన్, ఆ లాగిన్‌కు ఇచ్చిన అనుమతులు, చివరగా టేబుల్, అందులోని కాలమ్‌లు. మనం అడిగింది దాదాపు ఈ వరుసలోనే ముందుకు వెళుతుంది. కాబట్టి ఎక్కడ ఆగిందో తెలిస్తే, దానికి ముందున్నవన్నీ బాగున్నట్టే లెక్క. లాగిన్ ఫెయిల్ అయిందని సర్వర్ చెప్పిందంటే, ఆ మాట చెప్పడానికి సర్వర్ దాకా దారి ఉన్నట్టే. ఇక రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్ గురించి నెట్‌వర్క్ వాళ్లను విసిగించాల్సిన పని లేదు. అలాగే టేబుల్ కనబడలేదన్న ఎర్రర్ వస్తే పాస్‌వర్డ్ మార్చి చూడటం వృథా.

ఈ పనిలో నేర్పు ఏదైనా ఉందంటే, ఏదీ మార్చకముందే ఆగిన చోటు కనుక్కోవడమే. బాగుచేయడం సాధారణంగా చిన్న పనే.

మెసేజ్‌లో మొదటి ముక్క

ఎర్రర్ మెసేజ్‌లు చూడ్డానికి గజిబిజిగా ఉంటాయి. కానీ అందులో పనికొచ్చే ముక్క తరచూ మొదటి ఐదారు అక్షరాల్లోనే ఉంటుంది. ప్రోగ్రాములు రకరకాల డేటాబేస్‌లతో మాట్లాడేందుకు మైక్రోసాఫ్ట్ 1992లో తెచ్చిన ఓడీబీసీ పద్ధతిలో ప్రతి ఎర్రర్‌కు ఐదక్షరాల కోడ్ వస్తుంది. అది ఐఎం అని మొదలైతే వ్యవహారం మన కంప్యూటర్‌లో డ్రైవర్లను పిలిచే డ్రైవర్ మేనేజర్ దగ్గరే ఆగింది, సర్వర్‌కు కబురే వెళ్లలేదు. 08తో మొదలైతే సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు. 28000 అంటే లాగిన్ ఒప్పుకోలేదు. 42ఎస్02 అంటే అన్నీ దాటి లోపలికి వెళ్లాక ఆ పేరుతో టేబుల్ దొరకలేదు. హెచ్‌వైటీ00 అంటే గడువు అయిపోయింది.

ఒరాకిల్ డేటాబేస్‌కు తన సొంత నంబర్లు ఉన్నాయి. 12154 వస్తే సర్వర్‌కు పెట్టుకున్న పేరు మన కంప్యూటర్‌కు అర్థం కాలేదు. 12541 అయితే అడ్రస్ దాకా వెళ్లింది కానీ అక్కడ వినేవాళ్లు లేరు. 1017 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. 28001 అంటే పాస్‌వర్డ్ గడువు ముగిసింది, 28000 అంటే అకౌంట్ లాక్ అయింది. ఓడీబీసీలోనూ 28000 ఉందని పైన చూశాం. అంకె ఒకటే అయినా అర్థం వేరు. అందుకే నంబర్ ఒక్కటే రాసుకుని సాయం అడిగితే తప్పు సలహా వచ్చే ప్రమాదం ఉంది. మెసేజ్ మొత్తం కాపీ చేసి పంపాలి, స్క్రీన్‌షాట్‌లో సగం కోసేసి కాదు.

బయటి డేటాను తెచ్చి సర్దే ఎక్సెల్ సాధనం పవర్ క్వెరీలో ఈ విభజన ఇంకా తేలిక. మెసేజ్ డేటాసోర్స్ ఎర్రర్ అని మొదలైతే లోపం అవతలి వైపున, లేదా దారిలో ఉంది. ఎక్స్‌ప్రెషన్ ఎర్రర్ అంటే క్వెరీలో రాసుకున్న స్టెప్ నడవలేదు. డేటాఫార్మాట్ ఎర్రర్ అంటే వచ్చిన విలువ అనుకున్న రకానికి మారలేదు. ఫార్ములా ఫైర్‌వాల్ అని వస్తే చాలామంది నెట్‌వర్క్ ఫైర్‌వాల్ అనుకుని ఐటీ వాళ్లకు ఫోన్ చేస్తారు. దానికీ నెట్‌వర్క్‌కూ సంబంధం లేదు. ఒక చోటి డేటా ఇంకో చోటికి పొరపాటున చేరకుండా పవర్ క్వెరీ పెట్టుకున్న కాపలా అది. ఏ మూలాన్ని ఎంత గోప్యంగా చూడాలో చెప్పే ప్రైవసీ లెవెల్స్ సరిచూడాలి, లేదా రెండు మూలాలను ఒకే స్టెప్‌లో కలపకుండా క్వెరీని విడదీసి రాయాలి. ప్రైవసీ లెవెల్స్‌ను మొత్తంగా పక్కన పెట్టేసే ఆప్షన్ కూడా ఉంది. రెండు మూలాలూ మన సంస్థవే అయితే ఫర్వాలేదు కానీ, ఒకటి బయటి వెబ్‌సైట్ అయినప్పుడు ఆ దారి పట్టకపోవడమే మంచిది. లోపలి డేటా క్వెరీలో భాగంగా బయటికి వెళ్లే అవకాశం నిజంగానే ఉంది.

అసలు ఎర్రర్ రాకుండా షీట్ పైన డేటా కనెక్షన్లు ఆపేశామనే పట్టీ ఒక్కటే కనిపిస్తే అది లోపం కూడా కాదు. మెయిల్‌లోనో డౌన్‌లోడ్‌లోనో వచ్చిన ఫైల్‌ను ఎక్సెల్ నమ్మలేదు, అంతే. ఫైల్ ఎక్కడిదో తెలిస్తే అనుమతి ఇవ్వాలి, తెలియకపోతే ఇవ్వకూడదు.

ఎంతసేపటికి ఫెయిల్ అయింది?

మెసేజ్ కన్నా ఒక్కోసారి గడియారమే ఎక్కువ చెబుతుంది. రిఫ్రెష్ నొక్కగానే క్షణంలో కనెక్షన్‌ను నిరాకరించారని వస్తే, మన మాట అవతలి మెషిన్ దాకా వెళ్లినట్టే. అక్కడ ఆ పోర్టులో ఎవరూ వినడం లేదు. డేటాబేస్ సర్వీస్ ఆగిపోయి ఉండొచ్చు, పోర్టు మారి ఉండొచ్చు. అదే పదిహేను, ఇరవై సెకన్లు, ఇంకా ఎక్కువసేపు తిరిగి తిరిగి చివరికి టైమవుట్ అయితే, మన ప్యాకెట్లను దారిలో ఎవరో జవాబు ఇవ్వకుండా పడేస్తున్నారు. ఎక్కువసార్లు అది ఫైర్‌వాల్, లేదంటే వీపీఎన్ కలవకపోవడం, కాకపోతే సర్వర్ పేరు పాత అడ్రస్‌కు తీసుకెళ్లడం. ఇక నిమిషాల తరబడి నడిచి ఆ తర్వాత ఆగితే కనెక్షన్ బాగానే ఉంది, క్వెరీయే బరువు. పవర్ క్వెరీ నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు పంపే క్వెరీకి మామూలుగా ఉండే గడువు పది నిమిషాలు. సరిగ్గా పది నిమిషాలకు ఫెయిల్ అవుతోందంటే ఇంకేమీ వెతకక్కర్లేదు. గడువు పెంచడం కన్నా కావాల్సిన వరుసలు మాత్రమే సర్వర్ దగ్గరే వడకట్టి తెచ్చుకోవడం మేలు.

పింగ్ (మెషిన్ పలుకుతోందో లేదో చూసే కమాండ్) చేసి చూశాం, జవాబు రాలేదు, కాబట్టి సర్వర్ డౌన్ అని తేల్చేయడం ఇంకో అలవాటు. చాలా చోట్ల పింగ్‌ను కావాలనే ఆపేస్తారు. పింగ్‌కు జవాబు వచ్చినా డేటాబేస్ పోర్టు తెరిచి ఉందని అర్థం కాదు. పరీక్షించాల్సింది పోర్టునే. మామూలుగా ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433, మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432, ఒరాకిల్‌కు 1521. విండోస్ పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కు సర్వర్ పేరు, పోర్టు నంబర్ ఇస్తే కాసేపట్లో అవునో కాదో తేలుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మాత్రం ఒక మెలిక ఉంది. ఒకే మెషిన్‌లో పేరు పెట్టిన ఇన్‌స్టాన్స్‌లు (విడివిడిగా నడిచే డేటాబేస్ సర్వర్లు) ఉంటే వాటి పోర్టు సర్వీస్ మళ్లీ మొదలైనప్పుడు మారే వీలుంది. ఆ పోర్టు ఏదో చెప్పేది ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ అనే సర్వీస్, అది యూడీపీ 1434లో వింటుంది. సర్వర్ రీస్టార్ట్ చేసిన మర్నాడే ఫైల్ ఆగిపోయిందంటే ముందు చూడాల్సింది ఇదే. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో అయితే నెట్‌వర్క్ మీద మాట్లాడే టీసీపీ/ఐపీ మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది. అందుకే అదే మెషిన్ నుంచి చక్కగా పనిచేసే ఫైల్ పక్క కంప్యూటర్ నుంచి పనిచేయదు. పోస్ట్‌గ్రెస్‌దీ ఇలాంటి కథే: మొదట్లో అది తన మెషిన్ నుంచి వచ్చే పిలుపులే వింటుంది. బయటి నుంచి రావాలంటే వినే అడ్రస్‌లను మార్చాలి, హోస్ట్ అనుమతుల ఫైల్‌లో వరుస చేర్చాలి. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ పేరుతో పాటు ఎక్కడి నుంచి వస్తున్నారన్నదీ లెక్కలోకి వస్తుంది. సర్వర్ మీద కూర్చుని పనిచేసిన లాగిన్ వేరే చోటి నుంచి తిరస్కారానికి గురైతే పాస్‌వర్డ్ తప్పని కంగారు పడక్కర్లేదు.

32, 64 అనే గొడవ

ఎంత వెతికినా అంతుపట్టకుండా ఎక్కువ టైమ్ తినేది డ్రైవర్. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి.

ఎక్సెల్ 32-బిట్‌ది అయితే 32-బిట్ డ్రైవర్ కావాలి, 64-బిట్‌ది అయితే 64-బిట్‌ది. విండోస్ ఏదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆఫీస్ 2019 నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ అయ్యేది 64-బిట్. అంతకుముందు చాలా కంప్యూటర్లలో 64-బిట్ విండోస్ మీద 32-బిట్ ఆఫీస్ ఉండేది. ఆఫీస్ అప్‌గ్రేడ్ చేశారు, ఫైల్ మారలేదు, సర్వర్ మారలేదు, పాస్‌వర్డ్ మారలేదు. అయినా రిఫ్రెష్ ఆగింది. వచ్చే మెసేజ్ ఐఎం014 కావచ్చు, అది డ్రైవర్‌కు, అప్లికేషన్‌కు బిట్లు కలవలేదని నేరుగానే చెబుతుంది. ఐఎం002 కూడా రావచ్చు, అంటే ఆ పేరుతో డేటా సోర్సే లేదని. యాక్సెస్, ఎక్సెల్ ఫైళ్లను చదివే ఏస్ ప్రొవైడర్ ఈ మెషిన్‌లో రిజిస్టర్ కాలేదనీ రావచ్చు. యాక్సెస్ ఫైల్ నుంచి డేటా తెచ్చుకునే షీట్లలో ఈ మూడోది ఎక్కువ.

ఇప్పుడు డేటా సోర్సుల జాబితా చూపే ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్ తెరిస్తే డేటా సోర్స్ అక్కడే కనిపిస్తూ ఉంటుంది. టెస్ట్ నొక్కితే పాస్ అవుతుంది. ఎక్సెల్ మాత్రం లేదంటుంది. మనిషికి పిచ్చెక్కే ఘట్టం ఇది. విషయం ఏమిటంటే విండోస్‌లో ఆ అడ్మినిస్ట్రేటర్లు రెండున్నాయి, రెండు ప్రోగ్రాములకూ ఫైల్ పేరు ఒకటే, ఓడీబీసీ‌ఏడీ32. సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది 64-బిట్‌ది. సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉన్నది 32-బిట్‌ది. పేర్లు చూస్తే తిరగేసినట్టు అనిపిస్తాయి, కానీ వాస్తవం అదే. టెస్ట్ పాస్ అయింది ఒకదానిలో, ఎక్సెల్ వెతికింది రెండోదానిలో. ఎక్సెల్ ఏ బిట్‌దో అకౌంట్ పేజీలోని అబౌట్ బటన్ నొక్కి చూసుకుని, దానికి సరిపోయే అడ్మినిస్ట్రేటర్‌లో చూడాలి.

ఐఎం002కు ఇంకో కారణమూ ఉంది. డేటా సోర్సులకు పెట్టుకున్న పేర్లు, అంటే డీఎస్ఎన్‌లు, యూజర్‌వి, సిస్టమ్‌వి అని రెండు రకాలు. యూజర్ డీఎస్ఎన్ అది తయారు చేసిన మనిషి లాగిన్‌లోనే కనిపిస్తుంది. ఫైల్‌ను పక్క సీటు వాళ్లకు పంపితే వాళ్ల దగ్గర ఆ పేరే ఉండదు. ఫైల్ వెళ్లింది కానీ దాని అడ్రస్ పుస్తకం వెళ్లలేదు. పదిమంది వాడే ఫైల్‌కు డీఎస్ఎన్ మీద ఆధారపడకుండా డ్రైవర్ పేరు, సర్వర్ పేరు నేరుగా కనెక్షన్ వివరాలుండే కనెక్షన్ స్ట్రింగ్‌లోనే రాయడం సుఖం. అందులో సర్వర్ పేరుగా లోకల్‌హోస్ట్ (ఈ కంప్యూటరే అని అర్థం) అని ఉంటే అది రాసినవాళ్ల కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా నడవదన్నది కూడా గుర్తుంచుకోవాలి. జడ్ డ్రైవ్, వై డ్రైవ్ అని అక్షరాలతో ఉన్న దారులూ అంతే.

డ్రైవర్ కొత్తదైనా కష్టమే. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఓడీబీసీ డ్రైవర్ 18, 2022లో వచ్చింది. అందులో ఎన్‌క్రిప్షన్ అడగకుండానే ఆన్‌లో ఉంటుంది. సర్వర్‌కు తన గుర్తింపు చూపే సరైన సర్టిఫికెట్ లేకపోతే, 17తో నడిచిన కనెక్షన్ 18తో ఆగిపోతుంది. మెసేజ్‌లో సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను నమ్మలేమని ఉంటుంది. సర్టిఫికెట్‌ను గుడ్డిగా నమ్మమని ఒక సెట్టింగ్ పెడితే వెంటనే పనైపోతుంది, అందుకే అందరూ అదే సలహా ఇస్తారు. కానీ అలా చేస్తే అవతల ఉన్నది నిజంగా మన సర్వరేనా అన్న తనిఖీ పోతుంది. తాత్కాలికంగా పని గడవడానికి సరే, ఆ తర్వాత సర్వర్‌కు సరైన సర్టిఫికెట్ పెట్టించుకోవాల్సిందే. మైఎస్‌క్యూఎల్‌లో 2018లో వచ్చిన 8.0 పాస్‌వర్డ్ తనిఖీ చేసే పద్ధతినే మార్చింది. పాత డ్రైవర్లకు ఆ కొత్త పద్ధతి తెలియదు. అక్కడ డ్రైవర్‌ను అప్‌డేట్ చేయడమే మందు, సర్వర్‌ను పాత పద్ధతికి దించడం కాదు.

లాగిన్: పాస్‌వర్డ్ మార్చిన మర్నాడు

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లాగిన్ ఫెయిల్ అయితే వచ్చే నంబర్ 18456. మన వైపు కనిపించే మెసేజ్‌లో కారణం ఉండదు, భద్రత కోసం కావాలనే దాచిపెడతారు. అసలు కారణం సర్వర్ లాగ్‌లో స్టేట్ నంబర్‌గా ఉంటుంది. 5 అయితే ఆ పేరుతో లాగిన్ లేదు, 8 అయితే పాస్‌వర్డ్ తప్పు, 38 అయితే అడిగిన డేటాబేస్ తెరవలేకపోయారు, 58 అయితే సర్వర్ విండోస్ లాగిన్లనే ఒప్పుకుంటుంది కానీ మనం వేరే రకంగా ప్రయత్నించాం. డేటాబేస్‌ను చూసుకునే డీబీఏకు ఫోన్ చేసి పనిచేయట్లేదని చెప్పే బదులు, ఫలానా టైమ్‌కు వచ్చిన 18456కు స్టేట్ ఎంతో చూడమంటే రెండు నిమిషాల్లో తేలుతుంది.

పాస్‌వర్డ్ మార్చాక జరిగే ఒక గొలుసు ప్రమాదం చాలామందికి తట్టదు. ఒరాకిల్‌లో మామూలు ప్రొఫైల్ ప్రకారం పాస్‌వర్డ్‌కు 180 రోజుల గడువు, వరుసగా పదిసార్లు తప్పు పాస్‌వర్డ్ ఇస్తే అకౌంట్ లాక్. ఒక అకౌంట్‌ను అయిదారు ఫైళ్లు వాడుతున్నాయనుకుందాం. ఒక్కో ఫైల్‌లో మూడు నాలుగు క్వెరీలు, తెరవగానే రిఫ్రెష్ అయ్యేలా పెట్టారు. పాస్‌వర్డ్ మార్చి ఒక ఫైల్‌లో మాత్రమే సరిచేశారు. పొద్దున్నే మిగతావాళ్లు తమ ఫైళ్లు తెరుస్తారు. పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నాలు వెంటవెంటనే పడిపోయి అకౌంట్ లాక్ అవుతుంది, సరిచేసిన ఫైల్ కూడా ఆగిపోతుంది. డీబీఏ అన్‌లాక్ చేస్తారు, పావుగంటలో మళ్లీ లాక్. అందరూ కొత్త పాస్‌వర్డ్‌నే అనుమానిస్తారు. చేయాల్సింది మాత్రం లాగ్‌లో ఆ తప్పుడు ప్రయత్నాలు ఏ మెషిన్ నుంచి వస్తున్నాయో చూసి, ఆ ఫైళ్లను ఆపడం. పాస్‌వర్డ్ మార్చే ముందే ఏ ఫైళ్లు దాన్ని వాడుతున్నాయో జాబితా ఉంటే ఈ టెన్షన్ అంతా తప్పేది.

పవర్ క్వెరీ లాగిన్ వివరాలను ఫైల్‌లో పెట్టదు, ఆ కంప్యూటర్‌లో ఆ యూజర్ కింద దాచుకుంటుంది. ఫైల్ ఇంకొకరికి పంపితే వాళ్లను మళ్లీ అడగడం మామూలే, అది చెడిపోయినట్టు కాదు. పాత పాస్‌వర్డ్‌నే పట్టుకు వేలాడుతుంటే డేటా సోర్స్ సెట్టింగ్స్‌లో ఆ సర్వర్‌కు ఉన్న అనుమతి తీసేసి కొత్తగా ఇవ్వాలి. పాత రకం కనెక్షన్లలో సేవ్ పాస్‌వర్డ్ అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్ట్ కాకుండానే ఫైల్‌లో పడి ఉంటుంది, ఫైల్ ఎక్కడికి వెళితే అక్కడికి పాస్‌వర్డ్ కూడా వెళుతుంది. దాన్ని వాడకపోవడమే మంచిది.

గూగుల్ షీట్స్‌లో బాధ వేరే రకం. అక్కడ టైమర్ మీద నడిచే స్క్రిప్ట్ దాన్ని పెట్టిన మనిషి అకౌంట్ మీద నడుస్తుంది. ఆ మనిషి ఉద్యోగం మానేసి అకౌంట్ మూసేస్తే షీట్ నిశ్శబ్దంగా పాతబడుతుంది. ఒక్కో స్క్రిప్ట్ పరుగుకు ఆరు నిమిషాల గడువు కూడా ఉంది. డేటా పెరిగేకొద్దీ ఒకరోజు ఆ గడువు దాటిపోతుంది, కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా సరే.

టేబుల్ మారినప్పుడు

అన్నీ దాటి టేబుల్ దాకా వెళ్లి, అక్కడ కాలమ్ పేరు మారిపోయి ఉండటం మామూలుగా జరిగేదే. పవర్ క్వెరీలో కాలమ్‌ల రకాలు మార్చినప్పుడు ఛేంజ్డ్ టైప్ అనే స్టెప్ చేరుతుంది. అందులో రకం మార్చిన ప్రతి కాలమ్ పేరూ అక్షరం పొల్లుపోకుండా రాసి ఉంటుంది. ఆ జాబితాలో ఉన్న కాలమ్ ఒకటి, మీ రిపోర్ట్‌కు అక్కర్లేనిదైనా, డేటాబేస్‌లో తీసేస్తే ఆ స్టెప్ దగ్గర క్వెరీ మొత్తం ఆగుతుంది. అందుకే కావాల్సిన కాలమ్‌లను ముందే ఎంచుకుని, మిగతావి మొదట్లోనే వదిలేయడం తెలివైన పని. లేని కాలమ్‌ను పట్టించుకోకుండా ముందుకు పొమ్మనే ఆప్షన్ కూడా కొన్ని ఫంక్షన్లలో ఉంది. ఎర్రర్ రాకుండా పోతుంది కాబట్టి అది ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ మొత్తం లెక్కకు కావాల్సిన కాలమ్ మాయమైనప్పుడు ఆగిపోవడమే కరెక్ట్. ఆగకుండా సాగిపోతే ఏమవుతుందన్నది ఈ వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద విషయం.

ఎర్రర్ లేదు, లెక్క తప్పు

గట్టిగా తెగిపోయిన కనెక్షన్ కనీసం తెగానని చెబుతుంది. ఏ మెసేజ్ లేకుండా పాతదో, సగమో, తప్పుదో చూపించే కనెక్షన్‌తోనే నిజమైన నష్టం. రిఫ్రెష్ ఫెయిల్ అయినప్పుడు ఎక్సెల్ షీట్‌ను ఖాళీ చేయదు, పోయినసారి వచ్చిన అంకెలను అలాగే ఉంచుతుంది. మెసేజ్ మూసేసి ఫైల్ సేవ్ చేసి పంపితే, అందుకున్నవాళ్లకు అది పాత డేటా అని తెలిసే దారి లేదు.

2020లో ఇంగ్లాండ్‌లో జరిగింది దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్ ఫైళ్లలోకి తెచ్చి అక్కడి నుంచి కేంద్ర వ్యవస్థకు ఎక్కించేవారు. ఆ ఫార్మాట్‌లో ఒక షీట్‌కు 65,536 వరుసలకు మించి పట్టవు. మించినవి పడిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు, వాళ్లను కలిసినవాళ్లను వెతికే పని కూడా ఆలస్యమైంది. ఇప్పటి ఎక్సెల్ ఫార్మాట్‌లో పరిమితి 10,48,576 వరుసలు. ఎక్కువే, కానీ అదీ పరిమితే.

రకాలను ఊహించడం దగ్గర ఇంకో నిశ్శబ్దపు గొయ్యి ఉంది. ఎక్సెల్ షీట్‌ను ఏస్ ప్రొవైడర్ ద్వారా డేటాబేస్‌లోకి లాగేటప్పుడు, ఆ ప్రొవైడర్ మామూలుగా మొదటి 8 వరుసలు చూసి కాలమ్ రకాన్ని నిర్ణయిస్తుంది. కోడ్ అనే కాలమ్‌లో మొదటి ఎనిమిదీ 1045, 2210 లాంటి అంకెలే అయి, తొమ్మిదో వరుసలో ఏ-317 అని ఉందనుకోండి. ప్రొవైడర్ ఆ కాలమ్‌ను అంకెల కాలమ్ అని తేల్చేస్తుంది, ఏ-317 దానికి విలువే కాదు. ఆ గడిలో నల్, అంటే ఖాళీ విలువ, పడుతుంది. వరుసల సంఖ్య సరిపోతుంది, ఎర్రర్ ఉండదు, కోడ్‌లు మాత్రం పోతాయి. పరీక్ష కోసం ఫైల్‌ను ఆ కోడ్ ప్రకారం చివరి నుంచి మొదటికి సార్ట్ చేస్తే, అక్షరాలున్నవి పైకి వచ్చి ఎక్కవచ్చు. మళ్లీ మామూలు ఫైల్ పెడితే మళ్లీ పోతాయి. కనెక్షన్ స్ట్రింగ్‌లో ఐమెక్స్ విలువను 1గా పెడితే కలగలుపు కాలమ్‌ను టెక్స్ట్‌గా చదువుతుంది, కానీ చూసే ఆ మొదటి వరుసల్లోనే కలగలుపు కనిపించాలి. ఎన్ని వరుసలు చూడాలో విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో టైప్‌గెస్‌రోస్ అనే విలువ నిర్ణయిస్తుంది. అసలు మందు రకాన్ని ఊహకు వదలకుండా మనమే చెప్పడం.

పవర్ క్వెరీ కూడా రకం తెలియని ఫైళ్లలో మొదటి 200 వరుసలు చూసి ఊహిస్తుంది, ఎడిటర్‌లో మొదటి వెయ్యి వరుసల ప్రివ్యూ చూపిస్తుంది. ప్రివ్యూ శుభ్రంగా ఉన్నంత మాత్రాన లోడ్ శుభ్రంగా జరుగుతుందనుకోకూడదు. అనుకున్న రకానికి మారని విలువలు షీట్‌లోకి ఖాళీ గడులుగా దిగుతాయి, మొత్తం వేసే ఫార్ములా వాటిని దాటుకుని పోతుంది. ఎన్ని ఎర్రర్లు వచ్చాయో పక్కనున్న క్వెరీల పేన్‌లో చిన్నగా రాసి ఉంటుంది. దాన్ని ప్రతిసారీ చూడటం అలవాటు చేసుకోవాలి.

పెద్ద ఐడీ నంబర్లదీ ఇదే తీరు. ఎక్సెల్ అంకెలను 15 స్థానాల వరకే కచ్చితంగా దాచుకుంటుంది. డేటాబేస్‌లో 16 అంకెల ఐడీ ఉంటే షీట్‌లోకి వచ్చేసరికి చివరిది సున్నా అవుతుంది. రెండు వేర్వేరు ఐడీలు ఒకటే అయిపోయి, వాటి మీద లుకప్ (ఐడీ పట్టి వెతికి తెచ్చే ఫార్ములా) వేస్తే ఒకరి లెక్క ఇంకొకరి ఖాతాలో కనిపిస్తుంది. లెక్కలు చేయని నంబర్ ఏదైనా టెక్స్ట్‌గానే తెచ్చుకోవాలి, ముందు సున్నాలు పోకుండా ఉండటానికీ అదే దారి.

తెచ్చుకున్న టేబుల్ పక్కన చేత్తో రిమార్కులు రాసుకునేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. క్వెరీ నుంచి వచ్చిన వరుసలు రిఫ్రెష్‌తో మారతాయి, చేత్తో రాసినవి ఉన్నచోటే ఉంటాయి. కొత్త వరుస ఒకటి మధ్యలో చేరితే చాలు, దాని కింద ఉన్న రిమార్కులన్నీ ఒక మెట్టు తప్పుతాయి. చెల్లించారు అన్న మాట చెల్లించని వరుస పక్కకు చేరుతుంది. క్వెరీలో ఆర్డర్ బై (వరుసలను క్రమంలో పెట్టమనే మాట) లేకపోతే వరుసలు ఏ క్రమంలో వస్తాయో డేటాబేస్ ఏ హామీ ఇవ్వదు కాబట్టి, కొత్త వరుస చేరకపోయినా ఇలా జరగవచ్చు. రిమార్కులు వేరే షీట్‌లో ఐడీతో పాటు రాసుకుని లుకప్‌తో కలుపుకోవడం ఒక్కటే నమ్మదగ్గ పద్ధతి.

డేటాను గుంపులుగా కూడి చూపే పివట్ టేబుల్ ఒక అడుగు వెనకబడటం కూడా చాలామంది చూసే ఉంటారు. రిఫ్రెష్ ఆల్ ఒకసారి నొక్కితే పాత అంకె, రెండోసారి నొక్కితే కొత్తది. క్వెరీ బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తుంటే అది పూర్తయ్యేలోపే పివట్ తన పని ముగించేస్తుంది. కనెక్షన్ ప్రాపర్టీస్‌లో బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్ టిక్ తీసేస్తే చాలు.

ముందే పెట్టుకోవాల్సినవి

ఇన్ని నిశ్శబ్ద తప్పులకు ఒక్కొక్కటిగా మందు వేయడం కన్నా, తప్పు జరిగితే బయటపడేలా ఫైల్‌లోనే రెండు మూడు గడులు పెట్టుకోవడం తేలిక. డేటాబేస్‌లో చివరి రికార్డు తేదీ ఎంతో, సర్వర్ లెక్క ప్రకారం వరుసలు ఎన్నో ఒక చిన్న క్వెరీతో తెచ్చి, షీట్‌లోకి దిగిన వరుసల సంఖ్యతో పక్కపక్కన పెట్టాలి. ముఖ్యమైన మొత్తం ఒకటి సర్వర్ దగ్గరే లెక్కించి తెచ్చి షీట్ మొత్తంతో పోల్చాలి. తేడా వస్తే ఆ గడి ఎర్రగా మారాలి. రిఫ్రెష్ జరిగిన టైమ్ కోసం ఇప్పటి సమయం చూపే ఫార్ములా షీట్‌లో పెట్టకూడదు, అది ఫైల్ తెరిచినప్పుడల్లా మారి పాత డేటాకు కొత్త టైమ్ ముద్ర వేస్తుంది. ఆ సమయం క్వెరీతో పాటే సర్వర్ నుంచి రావాలి.

రిపోర్టులకు మనిషి సొంత లాగిన్ కాకుండా చదవడానికి మాత్రమే వీలున్న ప్రత్యేక అకౌంట్ ఉండాలి. అసలు టేబుళ్లను నేరుగా తాకకుండా డీబీఏతో ఒక వ్యూ (టేబుల్‌లా కనిపించే సేవ్ చేసిన క్వెరీ) చేయించుకుంటే, లోపల టేబుల్ మారినా వ్యూ కాలమ్ పేర్లను అలాగే నిలబెట్టవచ్చు. అప్పుడు టేబుల్ మార్చేవాళ్లకు కూడా దీని మీద ఎవరో ఆధారపడుతున్నారని కనిపిస్తుంది.

ఇక లింకు మళ్లీ తెగిన రోజున చేయాల్సిన మొదటి పని ఫైల్‌ను కాపీ చేసి పక్కన పెట్టడం. తర్వాత అదే లాగిన్‌తో, అదే కంప్యూటర్ నుంచి, వేరే టూల్‌తో డేటాబేస్‌లోకి వెళ్లి చూడాలి. వెళ్లగలిగితే లోపం ఫైల్‌లోనో, ఎక్సెల్ వాడుతున్న డ్రైవర్‌లోనో ఉంది. వెళ్లలేకపోతే ఎక్సెల్‌ను మూసేసి సర్వర్ వైపు వెతకాలి. విండోస్‌లో ఏ టూల్ లేకపోయినా ఒక ఖాళీ టెక్స్ట్ ఫైల్ చేసి దాని ఎక్స్‌టెన్షన్‌ను యూడీఎల్‌గా మార్చి డబుల్ క్లిక్ చేస్తే కనెక్షన్ పరీక్షించే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. 64-బిట్ విండోస్‌లో అది 64-బిట్ ప్రొవైడర్లనే చూపిస్తుంది కాబట్టి, 32-బిట్ ఎక్సెల్ ఉన్నచోట అక్కడ పాస్ అయినంత మాత్రాన డ్రైవర్ మీద అనుమానం తీసేయకూడదు. ఆ తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చినది రాసుకోవాలి, పనిచేయకపోతే వెనక్కి పెట్టేసి ఇంకోటి మార్చాలి.